బ్యాటరీల కోసం డోపింగ్ చేసిన లోహ ఆక్సైడ్ నానో పదార్థాలు: తయారీ, విద్యుత్ ధర్మాలు

లోహ ఆక్సైడ్ స్ఫటికంలో అసలు లోహపు పరమాణువుల్లో కొన్నింటిని తీసేసి, వాటి చోట మరో మూలకాన్ని (డోపెంట్) కావాలని కూర్చడాన్ని డోపింగ్ అంటారు. ఈ భర్తీ మామూలుగా నూటికి ఒకటి మొదలుకొని పది వరకు ఉంటుంది. అలా మార్చిన ఆక్సైడ్‌ను వంద నానోమీటర్లకు లోపు కణాలుగా తయారుచేస్తే అది డోపింగ్ చేసిన నానో ఆక్సైడ్ అవుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ ధనధ్రువంలో, కొన్ని రకాల్లో రుణధ్రువంలో, ఘన విద్యుద్విశ్లేష్యం వాడే కొత్త తరం సెల్లుల్లో కూడా ఇవే ముఖ్య పదార్థాలు. ఫోన్ నుంచి విద్యుత్ బస్సు దాకా బ్యాటరీ ఎంత ఛార్జి పట్టగలదు, ఎంత వేగంగా నిండుతుంది, ఎన్నేళ్లు మన్నుతుంది అన్నది చాలావరకు ఈ ఆక్సైడ్ పొడి గుణం మీదే ఆధారపడి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల భౌతిక, రసాయన శాస్త్ర విభాగాల్లో పీహెచ్‌డీలకు ఎక్కువగా ఎంచుకునే అంశాల్లో ఇదొకటి. కొలిమి, తక్కెడ, కొన్ని లవణాలు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఫలితాన్ని సరిగ్గా చదవడానికి మాత్రం చాలా జాగ్రత్త కావాలి.

నేపథ్యం

బ్యాటరీకి ఆక్సైడ్ కొత్త కాదు. 1859లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసపు బ్యాటరీ ధన ఫలకం మీద ఉన్నది సీసపు డయాక్సైడే. ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన కనిపించే బ్యాటరీ నేటికీ అదే రసాయనంతో నడుస్తోంది. టార్చిలైటు సెల్లును పగలగొడితే రాలే నల్లటి పొడిలో ప్రధానమైనది మాంగనీస్ డయాక్సైడ్.

ఆక్సైడ్‌లో వేరే లోహాన్ని కలిపి విద్యుత్ గుణాన్ని మార్చవచ్చని 1890ల చివర జర్మనీలో వాల్తర్ నెర్న్‌స్ట్ చూపించాడు. జిర్కోనియం ఆక్సైడ్‌లో కొంత ఇట్రియం ఆక్సైడ్ కలిపిన కడ్డీని వేడిచేస్తే అది విద్యుత్తును ప్రవహింపజేసి దీపంలా వెలిగింది. అక్కడ కదిలింది ఎలక్ట్రాన్ కాదు, ఆక్సిజన్ అయాన్. ఎలక్ట్రాన్ల సంగతి తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలకు చెందిన డి బోయర్, వెర్‌వే 1937లో ఒక చిక్కుముడిని ముందుకు తెచ్చారు. అప్పటి సిద్ధాంతం ప్రకారం నికెల్ ఆక్సైడ్ మంచి వాహకం కావాలి, చూడబోతే అది బంధకం. 1950లో వెర్‌వే బృందం అదే నికెల్ ఆక్సైడ్‌లో కొద్దిగా లిథియం కలిపి దాని నిరోధాన్ని ఎన్నో కోట్ల రెట్లు తగ్గించవచ్చని వివరించింది. లిథియం చేరగానే ఆకుపచ్చ పొడి నల్లబడుతుంది. ఈ నాటి డోపింగ్ పరిశోధనకు పునాది ఆ పనే.

బ్యాటరీ వైపు మలుపు 1980లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో కోయిచి మిజుషిమా, జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధనధ్రువంగా చూపించారు. 1983లో మైకేల్ థాకరే, గుడెనఫ్‌తో కలిసి, స్పినెల్ నిర్మాణం గల లిథియం మాంగనీస్ ఆక్సైడ్‌ను వెలుగులోకి తెచ్చాడు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లో పెట్టింది. ఈ రంగానికి పునాది వేసినందుకు గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ లభించింది.

డోపింగ్ లోపల ఏం జరుగుతుంది

స్ఫటికం మొత్తం మీద ఆవేశం సున్నా కావాలి. డోపింగ్‌కు సంబంధించిన లెక్కలన్నీ ఈ ఒక్క నియమం నుంచే పుడతాయి. నికెల్ ఆక్సైడ్‌లో ప్రతి నికెల్‌కు +2 ఆవేశం. ఒక నికెల్ చోట +1 గల లిథియం కూర్చుంటే ఒక ధనావేశం తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి పక్కనున్న మరో నికెల్ +3గా మారుతుంది. ఈ +3 స్థితి ఒకచోట స్థిరంగా ఉండదు. పొరుగు నికెల్ నుంచి ఎలక్ట్రాన్ దూకి వస్తే +3 అటు మారుతుంది. అలా దూకుతూ పోవడమే విద్యుత్ ప్రవాహం. రాగి తీగలో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా పరుగెత్తుతుంది. ఆక్సైడ్‌లో అయితే అది తన చుట్టూ ఉన్న అయాన్లను కొద్దిగా వంచి ఆ గుంటలో తానే చిక్కుకుంటుంది. వేడి నుంచి శక్తి అందినప్పుడు మాత్రమే పక్క గుంటలోకి దూకుతుంది. దీన్ని చిన్న పోలరాన్ దూకుడు అంటారు. అందుకే ఉష్ణోగ్రత పెరిగితే లోహం నిరోధం పెరుగుతుంది, ఈ ఆక్సైడ్‌ల నిరోధం తగ్గుతుంది.

లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఇందుకు చక్కని ఉదాహరణ. మామూలుగా గది ఉష్ణోగ్రత దగ్గర దాని వాహకత సెంటీమీటరుకు సుమారు 0.001 సీమెన్స్. కోబాల్ట్‌లో నూటికి 5 వంతుల చోట మెగ్నీషియం పెడితే అది 0.5 సీమెన్స్‌కు చేరిందని టుకమోటో, వెస్ట్ 1997లో ప్రకటించారు. అంటే 500 రెట్లు. మెగ్నీషియం +2, కోబాల్ట్ +3 కావడం వల్ల కొన్ని కోబాల్ట్‌లు +4గా మారడమే దీనికి కారణం.

లిథియం టైటనేట్ కథ ఇంకా తీవ్రమైనది. రుణధ్రువంగా వాడే ఈ తెల్లటి పొడి ఛార్జి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు దాదాపు ఉబ్బదు, కుంచించుకుపోదు. వేల ఆవృత్తాలు మన్నుతుంది. గ్రాఫైట్‌తో పోలిస్తే అగ్నిప్రమాద భయం తక్కువ. కానీ అందులో టైటానియం అంతా +4 స్థితిలో ఉంటుంది, దూకడానికి ఎలక్ట్రానే లేదు. వాహకత సెంటీమీటరుకు ఒక సీమెన్స్‌ను పది లక్షల కోట్లతో భాగిస్తే వచ్చేంత, లేదా అంతకన్నా తక్కువ. లిథియం స్థానంలో కొంత మెగ్నీషియం పెట్టి, హైడ్రోజన్ కలిసిన వాయువులో కాలిస్తే కొంత టైటానియం +3గా మారుతుంది. అప్పుడు వాహకత 0.01 సీమెన్స్ దాకా ఎక్కుతుందని 2001లో థాకరే బృందం చూపించింది. అయితే దీనికి మూల్యం ఉంది. మెగ్నీషియంలో కొంత భాగం లిథియం నడిచే చతుర్ముఖి స్థానాల్లో కూర్చుని దారికి అడ్డం పడుతుంది. ఎలక్ట్రాన్‌కు దారి తెరుచుకుంటే అయాన్‌కు దారి ఇరుకవుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకమే ఈ రంగంలో అసలు పరీక్ష.

వాహకత పెంచడం కోసమే డోపింగ్ చేస్తారనుకుంటే పొరపాటు. బ్యాటరీ పరిశ్రమలో అంతకంటే ఎక్కువగా నిర్మాణాన్ని నిలబెట్టడానికి చేస్తారు. లిథియం మాంగనీస్ ఆక్సైడ్‌లో సగం మాంగనీస్ +3, సగం +4. ఈ +3 రకమే గొడవకు మూలం. 1937లో యాన్, టెల్లర్ వివరించిన వికృతి వల్ల దాని చుట్టూ ఉన్న ఆక్సిజన్ అష్టముఖి ఒక దిక్కుకు సాగుతుంది. ఛార్జి పూర్తిగా దిగినప్పుడు ఘనాకార స్ఫటికం సాగిపోయి కణం పగులుతుంది. పైగా ద్రవంలో కొద్దిపాటి ఆమ్లం ఉన్నా రెండు +3 మాంగనీస్‌లు కలిసి ఒకటి +4గా, మరొకటి +2గా విడిపోతాయి. +2 రకం ద్రవంలో కరిగి అవతలి ధ్రువం మీద పేరుకుంటుంది. వేసవి వేడిలో ఈ బ్యాటరీలు త్వరగా నీరసించడానికి ఇదొక ముఖ్య కారణం. కరీంనగర్, సిరిసిల్ల ఎండల్లో నడవాల్సిన బ్యాటరీకి ఇది పట్టించుకోక తప్పని సంగతి.

దీనికి మందు, +3 మాంగనీస్ సంఖ్యను తగ్గించడం. ప్రతి రెండు మాంగనీస్‌లలో 0.1 వంతు తీసి అల్యూమినియం పెడితే, అల్యూమినియం ఎప్పుడూ +3లోనే ఉంటుంది కాబట్టి, మిగిలిన మాంగనీస్ సగటు స్థితి 3.50 నుంచి 3.53కు పెరుగుతుంది. అల్యూమినియం–ఆక్సిజన్ బంధం గట్టిది కావడం వల్ల స్ఫటికం కూడా నిలదొక్కుకుంటుంది. కానీ బ్యాటరీకి ఛార్జి ఇచ్చేది ఆ +3 మాంగనీసే. గ్రాముకు 148 మిల్లీ ఆంపియర్ అవర్లున్న సైద్ధాంతిక సామర్థ్యంలో దాదాపు పదో వంతు పోతుంది. మొదటి రోజు సామర్థ్యం తగ్గించుకుని, అయిదు వందలో రోజు సామర్థ్యాన్ని కాపాడుకోవడం అన్నమాట. నికెల్ అధికంగా ఉండే కారు బ్యాటరీ ధనధ్రువాల్లో నూటికి 5 వంతుల అల్యూమినియం కలపడం వెనకా ఇలాంటి లెక్కే ఉంది.

నానో పరిమాణం ఎందుకు

లిథియం ఒక కణం అంచు నుంచి నడిబొడ్డుకు చేరే కాలం దూరపు వర్గంతో పెరుగుతుంది. అయిదు మైక్రోమీటర్ల కణాన్ని 50 నానోమీటర్లకు తగ్గిస్తే దూరం నూరో వంతు, కాలం పదివేలో వంతు అవుతుంది. వేగంగా ఛార్జి ఎక్కించే బ్యాటరీలకు ఇదే ఆధారం. అయితే అదే 50 నానోమీటర్ల లిథియం మాంగనీస్ ఆక్సైడ్ పొడి ఒక గ్రాములో ఉపరితలం లెక్క ప్రకారం 28 చదరపు మీటర్ల పైచిలుకు. అంత ఉపరితలం మీద మాంగనీస్ కరగడమూ అంత వేగంగా సాగుతుంది. పొడి పలచగా ఉండి సెల్లులో తక్కువ బరువు పడుతుంది. అందుకే పరిశ్రమ నానో కణాలను విడిగా వాడదు, కొన్ని మైక్రోమీటర్ల ముద్దలుగా చేర్చి వాడుతుంది.

రుణధ్రువం వైపు నానో అవసరం మరీ ఎక్కువ. 2000లో ఫ్రాన్స్‌లో పోయిజో, తారస్కాన్ బృందం కోబాల్ట్, నికెల్, ఇనుము ఆక్సైడ్‌లు నానో పరిమాణంలో గ్రాఫైట్ కంటే రెట్టింపు లిథియాన్ని పట్టగలవని చూపించింది. గ్రాఫైట్ సైద్ధాంతిక సామర్థ్యం గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు. కోబాల్ట్ ఆక్సైడ్‌ది 890, ఇనుప ఆక్సైడ్‌ది 1007. ఆక్సైడ్ పూర్తిగా లోహంగా, లిథియం ఆక్సైడ్‌గా విడిపోయి మళ్లీ కలవడం వల్ల ఇంత వస్తుంది. కానీ ఛార్జి ఎక్కే వోల్టేజికి, దిగే వోల్టేజికి మధ్య పెద్ద అంతరం ఉండి శక్తి వృథా అవుతుంది. ఈ లోపం వల్లే ఇవి ఇంకా ప్రయోగశాల గడప పెద్దగా దాటలేదు.

తయారీ పద్ధతులు

పాత పద్ధతి ఘనస్థితి చర్య. లోహాల కార్బొనేట్లు, ఆక్సైడ్‌లను కొలత ప్రకారం తూచి, అగేట్ కల్వంలో గంటల తరబడి నూరి, అల్యూమినా మూసలో పోసి 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర పన్నెండు గంటలో, ఒక రోజో కాలుస్తారు. ఫ్యాక్టరీకి ఇది అనువైన దారి. కానీ ఇంత వేడికి కణాలు పెరిగిపోతాయి. నూటికి రెండు వంతుల డోపెంట్ అన్ని కణాలకూ సమంగా చేరిందని నమ్మడానికి లేదు. వేడికి లిథియం ఆవిరై పోతుంది కాబట్టి ముందుగానే నూటికి మూడు నుంచి అయిదు వంతులు ఎక్కువ కలుపుతారు.

పరమాణు స్థాయిలో కలవాలంటే ద్రావణం నుంచి మొదలుపెట్టాలి. సోల్–జెల్ పద్ధతిలో లోహ నైట్రేట్లను నీటిలో కరిగించి సిట్రిక్ ఆమ్లం కలుపుతారు. ఆమ్లం ఒక్కో లోహ అయాన్‌ను పట్టుకుని విడిగా ఉంచుతుంది. 1967లో పేటెంటు పొందిన పెచీని పద్ధతిలో ఇథిలీన్ గ్లైకాల్ కూడా చేర్చి దాన్ని పాలిమర్ వలగా మారుస్తారు. సహావక్షేపణంలో క్షారం పోసి లోహాలన్నిటినీ ఒకేసారి హైడ్రాక్సైడ్‌గా అడుక్కి దింపుతారు. నికెల్–మాంగనీస్–కోబాల్ట్ ధనధ్రువాలకు ఫ్యాక్టరీల్లో వాడేది ఇదే. హైడ్రోథర్మల్ పద్ధతిలో టెఫ్లాన్ గిన్నె ఉన్న ఉక్కు ఆటోక్లేవ్‌లో 120 నుంచి 200 డిగ్రీల దగ్గర సొంత పీడనంలోనే స్ఫటికాలు పెరుగుతాయి. కడ్డీలు, పలకలు వంటి ఆకారాలు కావాలంటే ఇది మేలు.

చిన్న ప్రయోగశాలకు అన్నిటికంటే అందుబాటులో ఉన్నది ద్రావణ దహనం. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కె.సి.పాటిల్ 1980లలో దీన్ని అభివృద్ధి చేశారు. దక్షిణ భారతం ప్రపంచ పదార్థ శాస్త్రానికి ఇచ్చిన గట్టి కానుక ఇది. లోహ నైట్రేట్ ఆక్సీకారి, యూరియా గానీ గ్లైసిన్ గానీ ఇంధనం. రెండింటినీ ఎంతెంత కలపాలన్నది రాకెట్ ఇంధనాల లెక్కను పోలిన లెక్క. కార్బన్‌కు +4, హైడ్రోజన్‌కు +1, ఆక్సిజన్‌కు −2, నైట్రోజన్‌కు సున్నా, లోహానికి దాని సంయోజకత వేస్తారు. లిథియం నైట్రేట్‌కు −5, మాంగనీస్ నైట్రేట్‌కు −10, గ్లైసిన్‌కు +9 వస్తుంది. లిథియం మాంగనీస్ ఆక్సైడ్ కోసం ఒక మోల్ మొదటిది, రెండు మోల్‌ల రెండవది తీసుకుంటే మొత్తం −25. దాన్ని సరితూచడానికి 25ను 9తో భాగించి 2.78 మోల్‌ల గ్లైసిన్ వేయాలి.

గిన్నెలో జరిగేది చూడదగ్గది. లేత గులాబీ ద్రావణం హాట్‌ప్లేటు మీద మరిగి చిక్కబడుతుంది, తేనెలా సాగుతుంది, బుడగలు లేస్తాయి. ఉన్నట్టుండి ఒక అంచున నిప్పు అంటుకుని క్షణాల్లో గిన్నె అంతా పాకుతుంది. గోధుమ రంగు పొగలు, ఆపై గిన్నె నిండా ఉబ్బిన తేలికపాటి నల్లటి గుల్ల మిగులుతుంది. చర్య క్షణాల్లో ముగుస్తుంది గనుక కణాలు పెరిగే వ్యవధి ఉండదు. వాయువులు చెదరగొట్టడం వల్ల అవి అంటుకుపోవు. మిగిలిన కార్బన్ పోవడానికి, స్ఫటికం కుదురుకోవడానికి తర్వాత 600–700 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాలిస్తే చాలు. దహనంలో లేచే గోధుమ రంగు పొగ విషవాయువు కాబట్టి ఫ్యూమ్ హుడ్ లేకుండా చేయకూడదు. ఒకేసారి పది గ్రాములకు మించి చేయబోతే మంట అదుపు తప్పే ప్రమాదం ఉంది.

విద్యుత్ ధర్మాల కొలత

పొడి తయారయ్యాక ముందు ఎక్స్‌రే వివర్తనంతో స్ఫటిక నిర్మాణం చూస్తారు. శిఖరం వెడల్పును బట్టి కణ పరిమాణాన్ని 1918 నాటి షెరర్ సూత్రంతో అంచనా కడతారు. డోపెంట్ నిజంగా జాలకంలోకి వెళ్లిందా అనేది జాలక పరామితి మార్పు చెబుతుంది. చిన్న అయాన్ చేరితే జాలకం కుంచించుకోవాలి, పెద్దది చేరితే పెరగాలి. డోపెంట్ మోతాదును ఎంత పెంచితే మార్పు అంత క్రమంగా, సరళరేఖలో కనిపించాలి. ఒక హద్దు దాటాక మార్పు ఆగిపోతే మిగతా డోపెంట్ బయటే ఉండిపోయిందని అర్థం. నూటికి రెండు మూడు వంతుల లోపు ఉన్న వేరే పదార్థం ఎక్స్‌రే చిత్రంలో తరచూ కనబడదు. వేరే శిఖరాలు లేవు కాబట్టి డోపింగ్ జరిగిందని రాసే వాక్యం అందుకే చాలదు.

తర్వాత పొడిలో కొద్దిగా పాలీవినైల్ ఆల్కహాల్ జిగురుగా కలిపి, హైడ్రాలిక్ ప్రెస్‌లో కొన్ని టన్నుల బలంతో సెంటీమీటరు వెడల్పు బిళ్లగా నొక్కి, కాల్చి గట్టిపరుస్తారు. రెండు ముఖాలకూ వెండి పూత పూసి, ఏకాంతర విద్యుత్తును కొన్ని హెర్ట్‌జ్‌ల నుంచి కొన్ని మెగాహెర్ట్‌జ్‌ల దాకా మారుస్తూ అవరోధాన్ని (ఇంపిడెన్స్) కొలుస్తారు. వాస్తవ, కాల్పనిక భాగాలను గీస్తే అర్ధవృత్తాలు వస్తాయి. ఎక్కువ పౌనఃపున్యం దగ్గరిది స్ఫటిక రేణువు లోపలి నిరోధం, తక్కువ పౌనఃపున్యం దగ్గరిది రేణువుల సరిహద్దులది. నానో పదార్థాల్లో సరిహద్దులు లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి రెండవదే పెద్దదై మొదటిదాన్ని కప్పేయడం తరచూ జరుగుతుంది.

ఉష్ణోగ్రత మారుస్తూ కొలిస్తే ఆర్హీనియస్ రేఖ వాలు నుంచి ఉత్తేజన శక్తి వస్తుంది. డోపింగ్ దాన్ని 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ తగ్గించిందంటే, మిగతావన్నీ మారకపోతే, గది ఉష్ణోగ్రత దగ్గర వాహకత దాదాపు 50 రెట్లు పెరగాలి. అంత పెరగలేదంటే మరేదో కూడా మారిందని పరిశోధకుడు వెతకాలి. పౌనఃపున్యంతో వాహకత పెరిగే తీరుకు 1977లో జాన్‌షర్ ప్రతిపాదించిన ఘాత నియమాన్ని సరిపోలుస్తారు. ఘాతాంకం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందన్నది దూకుడు ఏ రకమో తేల్చే ఆధారాల్లో ఒకటి.

రోధక స్థిరాంకం విషయంలో మాత్రం హెచ్చరిక అవసరం. తక్కువ పౌనఃపున్యం దగ్గర వేలల్లో వచ్చే విలువలు చాలాసార్లు పదార్థపు సొంత గుణం కావు. వాహక రేణువుల మధ్య బంధక సరిహద్దుల దగ్గర ఆవేశం పేరుకోవడం వల్ల వచ్చేవి. మాక్స్‌వెల్, వాగ్నర్ చాలాకాలం కిందటే దీన్ని వివరించారు. ఆ సంఖ్య చూపించి బ్యాటరీకి మేలైన పదార్థమని తేల్చడం తప్పు.

అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. వెండి పూసిన బిళ్లలో ఎలక్ట్రాన్లు ఇటు నుంచి అటు దాటిపోతాయి. లిథియం అయాన్లు వెండి దగ్గర ఆగిపోతాయి. కొలతలో వచ్చేది రెండింటి కలగలుపు, చాలావరకు ఎలక్ట్రాన్లదే. అయాన్ ఎంత కదిలిందో చెప్పాలంటే వేరే కొలత చేయాలి. బ్యాటరీలో పని చేసేది అయాన్, ఎలక్ట్రాన్ జోడీ. పైగా నిజమైన ధ్రువంలో ఆక్సైడ్ పొడికి నూటికి పది వంతుల దాకా కార్బన్, జిగురుగా పనిచేసే పాలిమర్ కలిపి అల్యూమినియం రేకు మీద పూస్తారు. ఎలక్ట్రాన్లను మోసే భారంలో ఎక్కువ వంతు ఆ కార్బన్ తీసుకుంటుంది. బిళ్లలో పది రెట్లు పెరిగిన వాహకత సెల్లులో ఏ తేడా చూపకపోవచ్చు. సెల్లు కట్టి చూడనిదే తేలదు. అందుకు తేమ, ఆక్సిజన్ పది లక్షల్లో ఒక వంతు లోపు ఉండే ఆర్గాన్ గ్లౌవ్ బాక్స్ కావాలి. చిన్న కళాశాలల పని సాధారణంగా ఈ మెట్టు దగ్గర ఆగుతుంది.

పాఠం నేర్పిన రెండు సంఘటనలు

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అచ్చంగా ఆక్సైడ్ కాదు, ఫాస్ఫేట్. కానీ డోపింగ్ చర్చలో దాన్ని వదలలేం. చవకైనది, భద్రమైనది, ఈ రోజు విద్యుత్ వాహనాల్లో విరివిగా వాడుతున్నది. దాని వాహకత సెంటీమీటరుకు సీమెన్స్‌లో వంద కోట్లలో ఒక వంతు. 2002లో ఎంఐటీలో యెట్–మింగ్ చియాంగ్ బృందం నియోబియం వంటి లోహాలను కొద్దిగా కలిపి ఈ వాహకతను పది కోట్ల రెట్లు పెంచామని ప్రకటించింది. సంచలనం పుట్టింది. 2004లో కెనడాలో లిండా నాజర్ బృందం వేరే వివరణ ఇచ్చింది. కాల్చేటప్పుడు కార్బన్ సమక్షంలో కణాల ఉపరితలం మీద లోహ ఫాస్ఫైడ్‌ల సన్నని వల ఏర్పడి అదే విద్యుత్తును మోస్తోందని చూపింది. చర్చ ఏళ్ల తరబడి సాగింది. చివరికి పరిశ్రమ ప్రధానంగా కార్బన్ పూత, చిన్న కణాల దారి పట్టింది. డోపెంట్ ఎక్కడ కూర్చుందో రుజువు చేయకుండా వాహకత పెరుగుదలను దానికి అంటగట్టకూడదన్నది దీనితో స్థిరపడింది.

రెండవది లిథియం–లాంతనం–జిర్కోనియం గార్నెట్. ఘన విద్యుద్విశ్లేష్యంగా దీన్ని 2007లో రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, వెర్నర్ వెప్నర్ ప్రకటించారు. ఘనాకార రూపంలో దీని అయాన్ వాహకత సెంటీమీటరుకు సీమెన్‌లో పదివేలో వంతు దాటుతుంది. చతుష్కోణ రూపంలో దానికి నూరో వంతు. ఒక ప్రయోగశాలలో మంచి రూపం, మరొకచోట చెడ్డ రూపం ఎందుకు వస్తోందో కొంతకాలం అంతుపట్టలేదు. కాల్చే అల్యూమినా మూస నుంచి అల్యూమినియం కరిగి పదార్థంలో చేరి ఘనాకారాన్ని నిలబెడుతోందని తర్వాత తేలింది. ఎవరూ కలపని డోపెంట్‌ను మూసే కలిపింది. ఇప్పుడు అల్యూమినియం గానీ టాంటలం గానీ కొలిచి కలుపుతున్నారు. ఏ మూసలో కాల్చారో పరిశోధన పత్రంలో తప్పక రాయాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

తెలుగువారి పని

సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ భౌతిక శాస్త్ర విభాగంలో బి.వి.ఆర్.చౌదరి, జి.వి.సుబ్బారావు నడిపిన పరిశోధన ఈ రంగంలో ముందు చెప్పుకోదగ్గది. ఎం.వి.రెడ్డితో కలిసి వారు 2013లో కెమికల్ రివ్యూస్ పత్రికలో ప్రచురించిన లోహ ఆక్సైడ్ రుణధ్రువాల సమీక్ష నేటికీ ఈ అంశం మీద చేతిలో ఉండవలసిన గ్రంథమంతటి వ్యాసం. 2007లో వారి బృందం జింక్ కోబాల్ట్ ఆక్సైడ్‌ను యూరియా దహనంతోనే దాదాపు 20 నానోమీటర్ల కణాలుగా తయారుచేసి, గ్రాముకు 900 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం 60 ఆవృత్తాల దాకా నిలిచిందని చూపింది. ఖరీదైన పరికరంతో కాదు, యూరియాతో మొదలైన పని అది.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఓ.ఎం.హుస్సేన్ బృందం వనేడియం పెంటాక్సైడ్, లిథియం కోబాల్ట్ ఆక్సైడ్, లిథియం మాంగనీస్ ఆక్సైడ్ వంటి వాటిని పలుచని పొరలుగా పెంచి సూక్ష్మ బ్యాటరీల కోసం అధ్యయనం చేసింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బ్యాటరీ పదార్థాల ప్రయోగశాల ఉంది. 1997లో ఏర్పడిన హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ లిథియం టైటనేట్, ఐరన్ ఫాస్ఫేట్ పొడుల తయారీని కిలోల స్థాయికి తెచ్చింది. ఫాస్ఫేట్ పరిజ్ఞానం హైదరాబాద్‌కే చెందిన అల్ట్‌మిన్ సంస్థకు చేరింది.

పరిశ్రమ చరిత్ర ఇంకా పాతది. 1977లో హైదరాబాద్ బ్యాటరీస్‌గా మొదలైన హెచ్‌బీఎల్ నికెల్–కాడ్మియం బ్యాటరీలకు, టార్పెడోల వెండి–జింక్ బ్యాటరీలకు పేరు తెచ్చుకుంది. నికెల్ హైడ్రాక్సైడ్‌లో కోబాల్ట్ కలిపి వాహకత పెంచడం ఆ రసాయనంలో ఎప్పటి నుంచో ఉన్న విద్య.  1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మే 6న గిగా ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. ప్రకటించిన పెట్టుబడి 9,500 కోట్ల రూపాయలు, సెల్లుల లక్ష్యం 16 గిగావాట్ అవర్లు. ముడిసరుకు వైపు చూస్తే విజయనగరం జిల్లా మాంగనీస్ గనులు బ్రిటిష్ కాలం నుంచే ప్రసిద్ధం. అక్కడి కోడూరు పేరిట ఒక శిలకే కోడురైట్ అని పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మెనైట్ ఉంది. స్పినెల్, టైటనేట్ రెండింటి మూల లోహాలూ తెలుగు నేలలోనే ఉన్నాయి.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల

మరమగ్గాల ఊరు సిరిసిల్లకు కరెంటుతో అనుబంధం ప్రత్యేకమైనది. దేశంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి 1970లో ఇక్కడే పుట్టింది. జనం ‘సెస్’ అని పిలిచే ఆ సంఘమే ఇప్పటికీ కరెంటు పంపిణీ చేస్తోంది. పగటి సౌర విద్యుత్తును నిల్వ చేసి సాయంత్రం మగ్గాలకు, వ్యవసాయ మోటార్లకు ఇవ్వాలంటే తేలికదనం కంటే చవకదనం, ఎండకు తట్టుకోవడం ముఖ్యం. కారుకు కావలసిన నికెల్, కోబాల్ట్ బ్యాటరీ ఇక్కడ అవసరం లేదు. డోపింగ్ చేసిన మాంగనీస్ స్పినెల్, ఐరన్ ఫాస్ఫేట్, సోడియం ఆధారిత ఆక్సైడ్‌లు ఈ పనికి తగినవి. సోడియం అయాన్ సెల్లుల్లో కూడా మాంగనీస్ +3 బెడద అదే, మెగ్నీషియం, టైటానియం వంటి డోపింగ్ మందూ అదే.

ఈ ప్రాంతంలో అగ్రహారం దగ్గర 2021లో ఏర్పడిన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, కొండగట్టు పక్కన నాచుపల్లిలోని జేఎన్‌టీయూ జగిత్యాల కళాశాల, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. మఫిల్ కొలిమి, ఫ్యూమ్ హుడ్, హైడ్రాలిక్ ప్రెస్, అవరోధం కొలిచే మీటరు ఉంటే దహన పద్ధతిలో తయారీ, బిళ్ల మీద కొలత ఇక్కడే చేయవచ్చు. ఎక్స్‌రే, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పనికి వరంగల్, హైదరాబాద్ వెళ్లక తప్పదు. గ్లౌవ్ బాక్స్ ఉన్న ప్రయోగశాలతో ముందే ఒప్పందం చేసుకుని, తయారుచేసిన ప్రతి పొడినీ సెల్లుగా కట్టించి పరీక్షించాలి. డోపింగ్ చేయని పొడిని కూడా అదే పద్ధతిలో, అదే రోజు తయారుచేసి పక్కన పెట్టి పోల్చాలి. బిళ్ల వాహకతను, 45 డిగ్రీల దగ్గర సెల్లు మన్నికను ఒకే పట్టికలో చూపాలి. భౌతిక, రసాయన శాస్త్ర విభాగాల్లో పీహెచ్‌డీ చేయబోయే విద్యార్థులకు, వారి మార్గదర్శకులకు విన్నపం ఇదే: పదార్థాన్ని మార్చే ముందు ఈ పట్టికను పూర్తి చేయండి.